ఇరవై వేలతో ఆన్‌లైన్ బట్టల కొట్టు: సందేహాలు – సమాధానాలు

ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో బట్టలు అమ్ముదామనుకునే వాళ్ల ఉత్తరాలు కొన్ని నెలలుగా పేరుకుపోయాయి. ఈసారి అన్నీ అవే తీశాను. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక్కరి ఉత్తరమే వేశాం.

ప్రశ్న: మేడం గారూ, పిల్లలు బడికి వెళ్లాక నాకు సాయంత్రం దాకా ఖాళీయే. చీటీ పాడగా వచ్చిన 20,000 రూపాయలున్నాయి. ఆన్‌లైన్‌లో చీరలు అమ్మాలని కోరిక. మా ఆడపడుచు కొడుకు స్నేహితుడు వెబ్‌సైటూ యాపూ కలిపి 35,000కి చేసిపెడతానన్నాడు. సగం ఇప్పుడిచ్చి మిగతాది తర్వాత ఇవ్వొచ్చట. మావారేమో చీటీ డబ్బు చేతికి రాగానే నీకు చెయ్యి దురద పెడుతుంది అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఎల్., తెనాలి

సమాధానం: సగం అంటే 17,500 అండీ. అది అతనికి ఇచ్చేస్తే చీరలు కొనడానికి మీ చేతిలో 2,500 మిగులుతుంది. వెబ్‌సైట్ ఉంటుంది, అందులో పెట్టడానికి సరుకుండదు. పైగా వెబ్‌సైట్ కట్టగానే మనుషులు వాళ్లంతట వాళ్లు రారు. వాళ్లను రప్పించడానికి ప్రకటనలకు మళ్లీ డబ్బు పోయాలి, ఆ ప్రకటనల మీద 18 శాతం జీఎస్టీ వేరే. ఇక యాప్ సంగతి అడక్కండి. ఏడాదికి రెండు చీరలు కొనే మనిషి మీకోసం ఫోన్‌లో ఇంకో యాప్ ఎక్కించుకోదు.

మొదటి ఆరు నెలలూ మీకు వాట్సాప్ బిజినెస్ యాప్ చాలు. అది ఉచితం. అందులో కేటలాగ్ అని ఒకటుంది. చీర ఫొటో, ధర, వివరం, కోడ్ నెంబరు పెట్టుకుంటే చిన్న కొట్టులాగే కనపడుతుంది, 500 రకాల దాకా పడతాయి. ఇంటి నెంబరు మీద తెరవకండి, వేరే సిమ్ తీసుకోండి. రాత్రి పదకొండింటికి వచ్చే ‘ప్రైస్ ప్లీజ్’లు మీ పెద్దమ్మ పంపే శుభోదయాల్లో కలిసిపోకూడదు. ఒక కిటుకు చెబుతాను. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో మీరు పంపే మెసేజ్, మీ నెంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని మొదటి బోణీ నాడే ‘అక్కా, నా నెంబరు సేవ్ చేసుకో’ అని అడిగెయ్యాలి. ఇది మరిచిపోయి, రోజూ ఫొటోలు పంపుతున్నా ఎవరూ పలకడం లేదని బాధపడేవాళ్లు చాలామంది.

డబ్బు ఇలా పంచుకోండి: సరుకుకు 11,000. కవర్లు, టేపు, ఒక చిన్న తూకం మిషన్, ఇస్త్రీ ఖర్చులకు 1,500. కొరియర్ చేతిఖర్చుకు 2,000. మిగిలిన 5,500 ముట్టుకోకండి. మొదటిసారి తెచ్చిన సరుకు మీకు లాభం కంటే ఎక్కువగా సమాచారం ఇస్తుంది: మీ చుట్టూ ఉన్నవాళ్లు ఏ రంగు అడుగుతున్నారు, ఎంత ధర దగ్గర ఆగిపోతున్నారు, చిన్న అంచు కావాలా పెద్ద అంచు కావాలా అని. ఆ సంగతులు తెలిశాక రెండోసారి కొనడానికి చేతిలో డబ్బుండాలి. ఉన్నదంతా మొదటి సంచీలోనే పెట్టేసిన వాళ్లకు ఆ అవకాశం ఉండదు. అసలు ఈ వ్యాపారంలో మునిగేవాళ్లలో ఎక్కువమంది వెబ్‌సైట్ లేక మునగరు, బీరువాలో కదలకుండా కూర్చున్న సరుకు వల్ల మునుగుతారు.

మీకు విజయవాడ దగ్గరే. వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్ ఒకరోజంతా తిరగండి, మొదటిరోజు ఏమీ కొనకండి. అక్కడ చీరలు సెట్ల లెక్కన ఇస్తారు, సెట్టులో ఎనిమిది రంగులుంటే ఎనిమిదీ తీసుకోవాలంటారు. చీర 450 చొప్పున సెట్టు 3,600 పడిందనుకుందాం. ఎనిమిదిలో రెండు రంగులు ఎవరికీ నచ్చవు, ఇది దాదాపు ఖాయం. అవి ఆగిపోతే మిగతా ఆరూ మీకు ఒక్కోటి 600కి పడినట్టు. అదే చీర విడిగా 480కి ఇస్తానంటే, ముప్పై ఎక్కువని వెనక్కి తగ్గకండి. ఆరు ఏరుకుంటే 2,880తో అయిపోతుంది. విడిగా ఇవ్వనంటే మీలాగే అమ్మే ఇంకొకరిని వెంటబెట్టుకెళ్లి సెట్టు పంచుకోండి.

450 చీర 650కి అమ్మి, కొరియర్ 70, కవరూ రాకపోకలూ కలిపి 20 తీసేస్తే మీకు మిగిలేది 110. నెలకు ఇరవై చీరలు కదిలితే 2,200. ఇదేనా అనిపిస్తుంది. కానీ అదే డబ్బు నెలనెలా తిరిగి సరుకై వస్తోందా, ఆరు నెలలు ఒక్కచోటే ఉందా అన్నదే అసలు సంగతి. మార్కెట్లో దీన్నే రొటేషన్ అంటారు. నలభై ఐదు రోజులు దాటినా కదలని చీరను కొన్న ధరకే ఇచ్చేయండి, ఇంకో పదీ ఇరవై తగ్గినా ఇచ్చేయండి. మనసొప్పదు, అయినా ఇవ్వండి.

ఆషాఢంలో హోల్‌సేల్ ధరలు పడిపోయాయని పరిగెత్తేవాళ్లున్నారు. అప్పుడు బయటికొచ్చేది ఎక్కువగా వాళ్ల దగ్గర మిగిలిపోయిన సరుకు. శ్రావణానికి అమ్మాలంటే కొత్త డిజైన్లు కావాలి. పంచాంగం పక్కన పెట్టుకుని కొనండి: వరలక్ష్మీవ్రతం, బతుకమ్మ, దసరా, సంక్రాంతి, మాఘమాసం పెళ్లిళ్లు. మూఢం ఉన్న నెలల్లో పట్టు జోలికి పోవద్దు.

వెబ్‌సైట్ ఎప్పుడంటే, వాట్సాప్‌లో జవాబులు చెప్పలేక చేతులు నొప్పి పుట్టినప్పుడు. అప్పుడు కూడా 35,000 అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ మీద ఊకామర్స్ అనేది ఉచితమే, డొమైన్‌కూ హోస్టింగ్‌కూ మాత్రం డబ్బు కట్టాలి. ఒక్కటి గమనించుకోండి. హోస్టింగ్ వాళ్లు చూపించే చవక ధర మొదటి విడతకే. రెన్యువల్ ధర ఎంతో అడిగి, ఆ లెక్కనే వేసుకోండి. డొమైన్ మాత్రం మీ ఈమెయిల్ మీద, మీ పేరు మీదే కొనాలి. చేసిపెట్టిన కుర్రాడి పేరు మీద ఉంటే, రేపు అతనికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతే మీ కొట్టు తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది.

ప్రశ్న: నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. నా దగ్గర పెట్టుబడి అసలు లేదు. వాట్సాప్‌లో ‘రీసెల్లర్స్ వెల్కమ్’ అనే గ్రూపులున్నాయి. వాళ్ల ఫొటోలు మన ఇన్‌స్టాలో పెట్టి, ఆర్డర్ వస్తే వాళ్లే పార్సెల్ పంపిస్తారు, పైన వేసుకున్నది మనకు. ఇది మంచిదేనా మేడం?
— కె., కరీంనగర్

సమాధానం: అమ్మడం నేర్చుకోవడానికి మంచిదే అమ్మా. బతకడానికి మాత్రం సరిపోదు. ఆ ఫొటో నీ ఒక్కదాని దగ్గరే లేదు, అదే గ్రూపులో ఉన్న వందలమంది దగ్గరా ఉంది. కొనేవాళ్లు ఈరోజుల్లో గూగుల్ లెన్స్‌లో ఫొటో పెట్టి ఎవరు యాభై తక్కువకిస్తున్నారో నిమిషంలో కనుక్కుంటారు. ఇక నువ్వు పోటీ పడగలిగేది ధర తగ్గించుకోవడంలోనే.

అంతకంటే పెద్ద చిక్కు, ఆ గుడ్డ నువ్వు చేత్తో ముట్టుకోలేదు. ఉతికితే రంగు పోతుందా, లైనింగ్ ఉందా, ఫొటోలో ఉన్న దుపట్టా వస్తుందా అని అడిగితే నువ్వు చెప్పేది వాళ్లు చెప్పమన్నదే. తేడా వస్తే తిట్లు తినేది నువ్వు, ఎందుకంటే డబ్బు నీ ఖాతాకే వచ్చింది. ‘ఓపెనింగ్ వీడియో లేకపోతే రిటర్న్ లేదు’ అని అందరూ రాస్తారు, నువ్వూ రాస్తావు. వీడియో అడగడం తప్పు కాదు, రుజువుకు పనికొస్తుంది. కానీ ఆ ఒక్క వాక్యం రాసుకుంటే బాధ్యత తీరిపోయిందనుకోవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం పాడైన వస్తువునో, చెప్పినదానికి భిన్నంగా ఉన్నదాన్నో వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి.

చెయ్యాలనుకుంటే ఇలా చెయ్యి. ఇద్దరు సప్లయర్లకు మించి పెట్టుకోకు. ఒక్కొక్కరి దగ్గర ముందు నీకోసం ఒక డ్రెస్ తెప్పించుకో, పూర్తి ధర పెట్టే తెప్పించుకో. ఎన్ని రోజులకు వచ్చింది, కవరు ఎలా ఉంది, బిల్లు పెట్టారా చూడు. రెండుసార్లు ఉతుకు. వేసుకుని నీ ఫోన్‌తో నువ్వే ఫొటో తీసుకో. ఆ ఫొటో ఇంకెవరి దగ్గరా ఉండదు. కష్టమర్లు మోడల్ ఫొటో కంటే అలాంటిదే ఎక్కువ నమ్ముతారు. సినిమా హీరోయిన్ ఫొటో కింద ‘సేమ్ మోడల్’ అని మాత్రం పెట్టకు. ఆ ఫొటో హక్కులు నీవి కావు, వచ్చే డ్రెస్సూ అలా ఉండదు.

ప్రశ్న: మాది మగ్గం నేసే కుటుంబం. ఇన్నాళ్లూ మాస్టర్ వీవర్‌కే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు మా కోడలు ఫోన్‌లో ఫొటోలు పెట్టి నేరుగా అమ్ముతోంది. నెలకు పదో పన్నెండో చీరలు పోతున్నాయి, ఎక్కువ హైదరాబాద్‌కే. 40 లక్షలు దాటితేనే జీఎస్టీ అని ఒకరూ, ఆన్‌లైన్ అయితే మొదటి రూపాయి నుంచే అని ఒకరూ భయపెడుతున్నారు. ఏది నిజం?
— బి., మంగళగిరి

సమాధానం: ఇద్దరిదీ సగం సగం నిజం. ఇది అందరికీ పనికొచ్చే ప్రశ్న కనుక కాస్త విడమరిచి చెబుతాను.

సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. అయితే ఈ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకు. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే, అది ఒక్క చీరైనా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరని జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. మీ చీర గుంటూరు వెళ్లినా శ్రీకాకుళం వెళ్లినా బాధ లేదు. హైదరాబాద్ వెళ్తే వేరే రాష్ట్రానికి వెళ్లినట్టే. చుట్టాలు, కష్టమర్లు సగంమంది హైదరాబాద్‌లో ఉండే మన కోస్తా వాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గరే తెలియకుండా దొరికిపోతారు. అవతల ఖమ్మం నుంచి విజయవాడ పంపేవాళ్లదీ ఇదే గొడవ.

‘ఆన్‌లైన్ అయితే మొదటి రూపాయి నుంచే’ అన్నది పెద్ద షాపింగ్ సైట్ల ద్వారా అమ్మేవాళ్ల సంగతి. అది కూడా 2023 అక్టోబర్ 1 నుంచి సడలింది. హద్దులోపల ఉన్న చిన్న అమ్మకందారు, సొంత రాష్ట్రంలోనే అమ్మేటట్టయితే, పాన్ కార్డుతో ఎన్‌రోల్‌మెంట్ నెంబరు తీసుకుని ఆ సైట్లలో అమ్ముకోవచ్చు. మీ కోడలు సొంత సరుకు తన వాట్సాప్‌లో అమ్ముతోంది కాబట్టి ఆమెను పట్టేది రాష్ట్రం దాటడమే.

కొన్ని చేతివృత్తుల వస్తువులకు రాష్ట్రం దాటినా మినహాయింపు ఉంది. మీ నేత ఆ జాబితాలోకి వస్తుందేమో ఊళ్లో ఆడిటర్ చేత ఒకసారి చూపించుకోండి. రాకపోతే రిజిస్ట్రేషన్ చేయించేసుకోండి, భయపడాల్సినంత లేదు. పోర్టల్‌లో ప్రభుత్వ ఫీజు సున్నా, ఆడిటర్ కూలి మాత్రమే. ఇల్లే చిరునామాగా ఇవ్వొచ్చు. అద్దిల్లయితే యజమాని ఒప్పుకోలు కాగితం కావాలి. చీరను పన్ను లెక్కలో గుడ్డ కింద చూస్తారు కనుక ధర ఎంతైనా 5 శాతమే. కుట్టిన బట్టలకు అలా కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో పీసు 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం. చీరలతోపాటు కుట్టిన లెహంగాలు కూడా పెడదామని మీ కోడలు అనుకుంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రిజిస్ట్రేషన్ తీసుకున్నాక అసలు ప్రమాదం రిటర్నులు మరిచిపోవడం. అమ్మకం లేని నెల కూడా నిల్ రిటర్ను వెయ్యాలి, ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్‌తో కూడా వెయ్యొచ్చు. వెయ్యకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున పేరుకుపోతుంది. మూడు నెలలకోసారి వేసే పద్ధతి కూడా ఉంది, మీలాంటి వాళ్లకు అదే హాయి.

ఇంకొక్క మాట. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కోసం ఎవరైనా వెయ్యో పదిహేను వందలో అడిగితే ఇవ్వకండి. ప్రభుత్వ సైట్‌లో ఆధార్‌తో మనమే చేసుకోవచ్చు, అది పూర్తిగా ఉచితం.

ప్రశ్న: కుర్తీలు అమ్ముతున్నాను. కొన్నది 380, అమ్మేది 699, ఫ్రీ షిప్పింగ్, క్యాష్ ఆన్ డెలివరీ. కొరియర్‌కూ వాళ్ల సీఓడీ ఛార్జీకీ కలిపి 110, కవరు 9. ఒక్కోదాని మీద 200 మిగలాలి. నెలాఖరుకు చూస్తే చేతిలో డబ్బు లేదు. ఎక్కడ పోతోంది?
— ఆర్., నంద్యాల

సమాధానం: తిరిగొచ్చే పార్సెళ్లలో పోతోంది. వాటి లెక్క మీ ఉత్తరంలో లేదు. పదిలో మూడు వెనక్కి వస్తున్నాయనుకుందాం, రావడానికి ఒక్కోదానికి 80 అనుకుందాం. పది పార్సెళ్లు పంపడానికి 1,100, మూడు రావడానికి 240, కవర్లు 90. మొత్తం 1,430. ఇదంతా అమ్ముడుపోయిన ఏడే మొయ్యాలి. ఏడు కుర్తీల మీద 4,893 వస్తుంది. అందులో కొన్న ధర 2,660, ఈ 1,430 తీసేస్తే మిగిలేది 803. అంటే కుర్తీకి 115. తిరిగొచ్చిన మూడూ నలిగి, రెండు మూడు వారాలు దారిలో ఉండి వస్తాయి. మళ్లీ ఇస్త్రీ చెయ్యాలి. ఈలోపు వాటిలో పెట్టిన 1,140 ఎందుకూ పనికిరాదు.

సీఓడీ ఒక్కసారి ఎత్తేస్తే ఆర్డర్లు పడిపోతాయి, అది నాకూ తెలుసు. కాబట్టి కొంచెం కొంచెంగా బిగించండి. ముందే యూపీఐ చేస్తే 50 తగ్గింపు ఇవ్వండి, తిరుగుడు ఖర్చుతో పోలిస్తే అది చవక. సీఓడీ కావాలన్నవాళ్లను 100 అడ్వాన్స్ అడగండి. వందిచ్చిన మనిషి పార్సెల్ వద్దనడం అరుదు. ప్రతి సీఓడీ ఆర్డర్‌కూ పంపేముందు ఫోన్ చెయ్యండి. అర్ధరాత్రి ఫోన్ చూస్తూ నొక్కేసిన ఆర్డర్లు పొద్దున్నే ఆ ఫోన్‌లోనే బయటపడతాయి. ఆర్డర్ వచ్చిన మర్నాటికల్లా పార్సెల్ కదలాలి. ఎంత ఆలస్యమైతే కొనాలన్న ముచ్చట అంత చల్లారుతుంది.

కుర్తీల్లో తిరుగుడుకు పెద్ద కారణం సైజు. 38 అని రాస్తారు. అది 38 ఛాతీ ఉన్నవాళ్లకు సరిపోయేదా, కుర్తీయే కొలిస్తే 38 ఉందా అన్నది ఎవరూ రాయరు. ఈ రెంటికీ మధ్య రెండు మూడు అంగుళాల తేడా. మీరు ప్రతి మోడల్‌నూ నేలమీద పరిచి చంక నుంచి చంకకు టేపు పెట్టి, దాన్ని రెట్టింపు చేసి రాయండి. పొడవు, చేతుల పొడవు కూడా. టేపుతో కొలుస్తున్న ఫొటో ఒకటి జతచెయ్యండి. ‘మీ దగ్గర బాగా సరిపోయే కుర్తీని ఇలా కొలిచి చూసుకోండి’ అని రాయండి.

కొరియర్ ఖర్చులో కూడా కొంత చిల్లు ఉండే ఉంటుంది. మీరు అట్టపెట్టెలు వాడుతున్నారా? కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి ఒక బరువు కడతారు. అదీ అసలు తూకమూ పోల్చి ఏది ఎక్కువైతే దానికే బిల్లు వేస్తారు. 30, 25, 8 సెంటీమీటర్ల పెట్టెకు 1.2 కిలోలు లెక్కొస్తుంది, లోపల కుర్తీ 300 గ్రాములున్నా సరే. అదే కుర్తీని పల్చగా మడిచి 3 సెంటీమీటర్ల మందం ఉండే ప్లాస్టిక్ కొరియర్ కవర్లో పెడితే 450 గ్రాములే, అరకిలో శ్లాబులోకి వచ్చేస్తుంది. ఊళ్ల మధ్య పెద్ద మూటలకైతే ఆర్టీసీ కార్గో కూడా కనుక్కోండి, బస్టాండుకు వచ్చి తీసుకునేవాళ్లకు అది బాగానే పనికొస్తుంది.

ప్రశ్న: ఫొటోలో కనకాంబరం రంగు కనపడింది, చేతికొచ్చింది ఇటుకరంగు అని గొడవలు. ఫోన్ మార్చాలా?
— పి., కాకినాడ

సమాధానం: ఫోన్ మార్చొద్దు, చోటు మార్చండి. ట్యూబ్‌లైటూ పసుపు బల్బూ కలిసిన గదిలో ఏ ఫోనూ నిజం చెప్పదు. పొద్దున పూట వరండాలో, ఎండ నేరుగా పడని నీడలో తియ్యండి. లైట్లన్నీ ఆపెయ్యండి. చీకటిగా ఉన్నవైపు తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెడితే వెలుతురు సర్దుకుంటుంది. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ వద్దు. చీరకు ఒళ్లు, అంచు, కొంగు, జాకెట్టు ముక్క వేరువేరుగా, ఆపైన గుడ్డను చేత్తో జారవిడుస్తూ చిన్న వీడియో.

తీశాక రంగు పేరు మాటల్లో కూడా రాయండి. ‘పింక్’ అంటే వందరకాలు. రాణీ రంగు, కనకాంబరం, వంకాయ, చిలకపచ్చ, నెమలికంఠం, రామా గ్రీన్, ఆనందా బ్లూ అంటే మనవాళ్ల కళ్లముందు ఆ రంగే నిలుస్తుంది. పాతకాలం బట్టల కొట్ల గుమాస్తాలు ఈ పేర్లతోనే బేరాలు ముగించేవాళ్లు. మన ఇన్‌స్టా పేజీలు వీటిని వదిలేసి ‘పీచ్’, ‘ఆనియన్ పింక్’ అంటూ కొట్టుకుంటున్నాయి.

ప్రశ్న: హైదరాబాద్ మదీనా మార్కెట్లో పోచంపల్లి డిజైన్ చీరలు 400కి తెచ్చాను. ‘ప్యూర్ పోచంపల్లి హ్యాండ్లూమ్’ అని పెడితే బాగా పోతాయని స్నేహితురాలు అంటోంది. అందరూ అలాగే పెడుతున్నారు కదా?
— వి., హనుమకొండ

సమాధానం: పెట్టకండి. 400కి వచ్చింది చేనేత కాదని మీకూ తెలుసు, అందుకే నన్ను అడిగారు. చీర తిరగేసి చూడండి. ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు వేసి రంగు అద్ది తర్వాత నేస్తారు కనుక డిజైన్ రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. అచ్చువేసిన చీర వెనకవైపు వెలవెలబోతుంది, గీతలు గీసినట్టు తిన్నగా ఉంటాయి.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరును తప్పుగా తగిలిస్తే 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ జాందానీ, మంగళగిరి, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ, ఇవన్నీ ఇలాంటి పేర్లే. మీ చీరకు ‘ఇక్కత్ ప్రింట్, మిల్లు చీర, ఉతకడం తేలిక, రోజువారీ కట్టుకోవడానికి’ అని రాయండి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, టీచర్లు అదే కావాలని వెతుక్కుంటారు. అసలైనది కూడా అమ్మాలని ఉంటే కొయ్యలగూడెం, పుట్టపాక మీకు మరీ దూరమేమీ కాదు. ఒక్కటే ఒక్క అసలు చీర తెచ్చి రెండింటినీ పక్కపక్కన పెట్టి వీడియో చెయ్యండి, తేడా చూపించండి. ఆ వీడియో చూసినవాళ్లు తర్వాత మీరేం చెప్పినా నమ్ముతారు.

ప్రశ్న: ఖమ్మంలో జాకెట్లు కుడతాను మేడం. రెడీమేడ్లు వచ్చాక గిరాకీ తగ్గింది. నేను కూడా ఆన్‌లైన్‌లో బట్టలు తెచ్చి అమ్మాలా?
— ఎం., ఖమ్మం

సమాధానం: వద్దండీ. బట్టలు తెచ్చి అమ్మేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. చేతిపని ఉన్నవాళ్లు తక్కువ. మీరు పనినే ఆన్‌లైన్‌లో పెట్టండి. ఈ ఉత్తరాలన్నింటిలోకీ తక్కువ పెట్టుబడితో ఎక్కువ మిగిలే దారి మీదేనని నా అభిప్రాయం, ఎందుకంటే గుడ్డ కష్టమర్‌ది, మీ దగ్గర సరుకు ఇరుక్కుపోయే ప్రసక్తే లేదు.

కొలతలు ఫోన్‌లో చెప్పించుకోవద్దు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికి, కుట్టాల్సిన ముక్కతో కలిపి కొరియర్ చెయ్యమనండి. సగం కూలి ముందే తీసుకోండి. లోపల కుట్టులో కాస్త ఎక్కువ గుడ్డ వదలండి, బిగుతైతే వాళ్ల ఊళ్లోనే విప్పించుకుంటారు. మొదటి జాకెట్టు ఒక్కటే కుట్టి పంపండి, సరిపోయిందన్నాక మిగతా నాలుగూ మొదలుపెట్టండి. ఫాల్, పీకో, కుచ్చులు, పెద్దావిడల చీరలతో మనవరాళ్లకు లాంగ్ ఫ్రాకులు, ఇవన్నీ అదే పార్సెల్‌లో కలిసొస్తాయి. 42 పైన సైజులకు బాగా కుడతారని పేరు వస్తే మీకు ఊపిరి సలపదు. ఆ సైజులవాళ్లకు రెడీమేడ్‌లో దొరికేవి చాలా తక్కువ.

మీకు జీఎస్టీ బెడదా తక్కువే. ఇతరుల గుడ్డ కుట్టి కూలి తీసుకోవడం సేవ కిందికి వస్తుంది. సేవలకు రాష్ట్రం దాటినా 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. విజయవాడ వాళ్ల జాకెట్లు నిశ్చింతగా కుట్టండి. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 దాకా సాయం, మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఉన్నాయి. అప్పు తొందరేమీ లేదు, పనిముట్ల సాయం మాత్రం అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి స్నేహితురాళ్లు డాలస్‌లో చీరలు అడుగుతున్నారు. ‘గిఫ్ట్’ అని రాసి పంపితే సుంకం ఉండదంటున్నారు.
— ఎస్., గుంటూరు

సమాధానం: డబ్బు తీసుకుని పంపేది గిఫ్ట్ కాదు, అలా రాయడం తప్పుడు ప్రకటన అవుతుంది. 800 డాలర్లలోపు పార్సెళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. పంపేరోజు సుంకం ఎంతుందో, ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి. క్రమంగా అమ్మాలంటే 500 రూపాయల ఫీజుతో ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) నెంబరు తీసుకోండి, తపాలా శాఖ వారి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో ఎగుమతి కాగితాలకు సాయం చేస్తారు. అంతకంటే తేలిక మార్గం, వాళ్లు ఇండియా వచ్చే నెల ముందుగా ఆర్డర్లు పట్టి, ఇక్కడి ఇంటికే అందించడం.

ప్రశ్న: పేజీకి మంచి పేరు పెట్టుకున్నాను. ట్రేడ్‌మార్క్ వెంటనే చేయించాలా?
— డి., విజయనగరం

సమాధానం: వెంటనే అక్కర్లేదు. కానీ ఆ పేరు ఇంకెవరిదైనా అయి ఉందేమో ట్రేడ్‌మార్క్ సైట్‌లో 25వ తరగతిలో ఈరోజే వెతకండి. అది దుస్తుల తరగతి. ఏడాది అమ్మి, పేరు నిలబడుతుందనిపిస్తే అప్పుడు 4,500 ఫీజు కట్టండి.

ప్రశ్న: ఒకావిడ రెండు పట్టుచీరలకు 9,400 పంపానని స్క్రీన్‌షాట్ పెట్టింది. నేను పార్సెల్ పంపేశాను. బ్యాంకులో చూస్తే డబ్బు లేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే, తిరిగి పంపుతాను, రిక్వెస్ట్ ఓకే చేసి పిన్ కొట్టు అంటోంది.
— జి., నిజామాబాద్

సమాధానం: పిన్ కొట్టకండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అవసరం ఎప్పుడూ ఉండదు. ఆమె అడుగుతున్నది ఇంకోసారి దోచుకోవడానికే. ముందు కొరియర్ ఆఫీసుకు ఫోన్ చెయ్యండి. పార్సెల్ ఇంకా చేతికి ఇవ్వకపోతే ఆపి వెనక్కి తెప్పించమని రాతపూర్వకంగా అడగండి, రాను పోను ఛార్జీ పోయినా చీరలు దక్కుతాయి. డెలివరీ అయిపోయి ఉంటే సంతకం, చిరునామా, ఫోన్ నెంబరు ఉన్న రుజువు తీసుకోండి. ఆ స్క్రీన్‌షాట్, చాట్ మొత్తం, కొరియర్ రసీదు దగ్గర పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇకమీదట స్క్రీన్‌షాట్ చూసి పార్సెల్ కట్టకండి. బ్యాంకు యాప్ తెరిచి, జమ అయినట్టు ఎంట్రీ కనిపించాకే చీర కవర్లోకి వెళ్లాలి.